పెట్టుబడిదారులొస్తే పారే కాలువ

మా మరిది గురించి ఊళ్లో రెండు మాటలు అనుకుంటారు. ఒకటి, అంత చాదస్తపు మనిషి ఇంకొకడు పుట్టడని. రెండు, నిక్షేపంలాంటి ఉద్యోగాన్ని చేజేతులా పోగొట్టుకున్నాడని. మొదటిదానికి నేను అడ్డు చెప్పను. ఆ చాదస్తంతో తల బాదుకున్నవాళ్లలో నేనే ముందుంటాను. రెండో మాట మాత్రం నా ఎదురుగా ఎవరైనా అన్నారో, వాళ్లు ఆ పూట ప్రశాంతంగా భోంచేయరు.

అతను కాలువ గేటు మనిషి. ఊరంతా గేటాయన అనే పిలుస్తారు. కొండల కింద ఉన్న జలాశయం దగ్గర, మా కాలువ మొదలయ్యే చోట, పెద్ద ఇనుప చక్రం తిప్పి తలుపు ఎత్తడం, మళ్లీ దించడం అతని పని. పక్కనే ఒక గది. అందులో ఒక బల్ల, గోడకు తగిలించిన టార్చిలైటు, గ్రీజు డబ్బా, అరలో ఫోను. ఆ ఫోను మోగి, అవతల పై ఆఫీసువాళ్లు తలుపు ఎత్తమంటే ఎత్తుతాడు. దించమంటే దించుతాడు. మోగకపోతే కూర్చుంటాడు. ఇంట్లో కూడా అంతే. మా తోటికోడలు పిలిస్తే తప్ప అన్నానికి లేవడు. "ఆకలేస్తే నువ్వే రావచ్చు కదయ్యా" అని ఆవిడ మొత్తుకుంటే, "పిలుస్తావని చూస్తున్నా" అనేవాడు.

ఇప్పుడు మా పొలం సంగతి చెప్పాలి. మావారు గనిలో పని చేస్తారు కాబట్టి సేద్యం నాదే. మా పొలం ఆ కాలువ చిట్టచివర ఉంది. పైన కొండల్లో రాగి ఉంది. తవ్వేవాళ్లు, కడిగేవాళ్లు, వాళ్ల కాలనీలు, పట్టణం, అందరూ ఆ జలాశయం నీళ్లే తాగుతారు. మిగిలింది కాలువలోకి వస్తుంది. దాన్ని ఎగువ రైతులు తమ తూముల్లోకి తిప్పుకుంటారు. మా దగ్గరికొచ్చేసరికి కాలువంటే మేకలు నడిచే దారి. నేను కాపురానికొచ్చిన కొత్తలో, "ఈ గొయ్యి ఎందుకు తవ్వారు?" అని మావారిని అడిగాను కూడా. నవ్వకండి, నిజంగానే తెలియక అడిగాను.

అలాంటి కాలువలో ఒక రోజు నిండుగా నీళ్లొచ్చాయి.

ఎందుకొచ్చాయో తర్వాత తెలిసింది. విదేశీ కంపెనీలను రప్పించడానికి ప్రభుత్వం మా ప్రాంతానికో కొత్త ఆఫీసు పెట్టింది. వచ్చిన పెట్టుబడిదారులకు రాగి కొండలు చూపిస్తారు, సరుకు రైలు స్టేషను చూపిస్తారు, కరెంటు సబ్‌స్టేషను చూపిస్తారు. చివర్లో గేటు దగ్గరి వంతెన మీద కార్లు ఆపి, ఇక్కడ ఖనిజమే కాదు, నీళ్లూ పంటలూ కూడా పుష్కలమని చూపిస్తారు. అందుకోసం కాలువ ఒడ్లు ఒరుసుకుంటూ పారాలి. అందుకని ఆ రోజు ఎగువ రైతుల తూములన్నీ మూయించి, మా మరిదికి ఫోను చేసి, తలుపు పూర్తిగా ఎత్తిస్తారు. వచ్చినవాళ్లు ఫొటోలు దిగి వెళ్లిపోతారు. నీళ్లకు ఫొటోల గొడవ తెలియదు కదా, నేరుగా మా పొలాల్లోకి వచ్చేస్తాయి.

అప్పటి నుంచి మేం మారిపోయాం. అంతకుముందు మబ్బు వంక చూసేవాళ్లం, ఇప్పుడు రోడ్డు వంక చూడటం మొదలుపెట్టాం. తెల్లకార్లు వరసగా వస్తే చాలు, చివరి పొలాల్లో పండగే. "మా వాన విమానంలో వస్తుంది" అని నేనన్న మాట ఊరంతా పాకింది. ఏ దేశంవాళ్లు చెప్పిన తేదీకి వస్తారో, ఏ దేశంవాళ్లు నాలుగుసార్లు వాయిదా వేస్తారో మాకు కంఠతా వచ్చేసింది. విత్తే ముందు మా మరిదినే అడిగేవాళ్లం: "ఏమయ్యా, ఈసారి ఎవరొస్తున్నారు? ఎప్పుడొస్తున్నారు?" అతను ఆఫీసులో విన్నది విన్నట్టు చెప్పేవాడు. దాన్నిబట్టి మేం విత్తనాలు వేసేవాళ్లం. ఇంత వెర్రి సేద్యం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు. మాకు మాత్రం అందులో వింతేమీ కనిపించేది కాదు.

ఆ సంవత్సరం రాగి తీగలు తీసే పెద్ద కంపెనీ ఒకటి వస్తోందన్నారు. దాని కోసం పెట్టుబడుల ఆఫీసరు తిరగని గడప లేదు. సన్నటి మనిషి, ఎప్పుడు చూసినా చెమటలు కక్కుతూ ఉండేవాడు. అంతకుముందు వచ్చిన కంపెనీలన్నీ చూసి, తిని, చేతులు కలిపి పోయినవే. ఇదీ పోతే తన ఉద్యోగం గోవిందా అని అతనే మా మరిదితో అన్నాడట. మా ఇంట్లోనూ దాని మీద ఆశ ఉంది. మా మరిది కూతురు మెషిన్ పని నేర్చుకుని, సర్టిఫికెట్ చేతపట్టుకుని, ఆ ఫ్యాక్టరీ ఎప్పుడొస్తుందా అని కాచుక్కూర్చుంది. "పెద్దమ్మా, అది వస్తే నేను ఊరు వదిలి పోనక్కర్లేదు" అనేది.

"సరిగ్గా కండెలు పట్టే వేళకు వస్తారట వదినా" అన్నాడు మా మరిది. ఆ మాట పట్టుకుని పొలమంతా మొక్కజొన్న వేశాను. మొదట్లో రెండు వానలు పడ్డాయి. చేను ఏపుగా పెరిగింది. నా చేను చూసి నాకే దిష్టి తగులుతుందేమోనని ఎక్కువసేపు చూసేదాన్ని కాదు.

కండెలు పట్టే వేళ వచ్చింది. పెట్టుబడిదారులు రాలేదు. వచ్చే వారం అన్నారు. ఆ వారం వెళ్లిపోయింది. విమానం దొరకలేదన్నారు, పెద్దాయనకు జ్వరమన్నారు, ఇంకేదో అన్నారు. ఆకులు చుట్ట చుట్టుకోవడం మొదలైంది. ఆ దశలో ఒక్క తడి పడితే పంట, పడకపోతే చొప్ప. నాకు అన్నం సహించడం మానేసింది. ఒక మధ్యాహ్నం ఇక ఆగలేక, ఎండలో గేటు దాకా నడిచి వెళ్లాను.

మా మరిది గేటు దగ్గర కూర్చుని ఇనుప చక్రం పళ్లకు గ్రీజు పూస్తున్నాడు. నా కడుపు మండిపోయింది.

"తిప్పని చక్రానికి ఎందుకయ్యా అంత సేవ?" అన్నాను.

"కూర్చో వదినా. మంచినీళ్లు తాగుతావా?"

"నాకెందుకు మంచినీళ్లు? నా చేనుకు పొయ్యి. నీ మాట నమ్మి విత్తాను."

"నాకు చెప్పింది నీకు చెప్పాను. ఫోను రాందే నేనేం చేయను?"

"జలాశయంలో నీళ్లున్నాయా లేవా?"

"పట్టణానికీ కాలనీలకీ పోగా ఒక్క తడికి ఉన్నాయి. అవి వాళ్లొచ్చే రోజు కోసం పెట్టమన్నారు. ఇప్పుడు వదిలితే మళ్లీ నిండటానికి చాలా రోజులు పడుతుంది."

"అంటే ఎవరో వచ్చి ఫొటో దిగడానికి దాచారు, నేను పంట పండించుకోవడానికి కాదు. అసలు నువ్వు గేటుకు కాపలావా, ఫోనుకు కాపలావా?"

అతను తల దించుకున్నాడు. చేతికంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూనే ఉన్నాడు. అతను అలా తల దించుకుంటే నాకు ఇంకా ఒళ్లు మండుతుంది. నోటికొచ్చింది అనేసి వచ్చేశాను. దారంతా ఏడుస్తూనే వచ్చాను, ఎవరికీ కనబడకుండా కొంగు అడ్డం పెట్టుకుని.

మర్నాడు నేను పొలంలో ఉండగా, పక్క చేనువాడు కేకేశాడు: "అక్కా, నీళ్లు. దొరలొచ్చినట్టున్నారు." చూస్తే కాలువ నిండా నీళ్లు, ఎండుటాకులను ముందు తోసుకుంటూ వస్తున్నాయి. చేతికందిన పార పట్టుకుని మళ్లు తిప్పుకోవడంలో పడిపోయాం. చేను తాగుతున్న చప్పుడు వింటుంటే నా ప్రాణం లేచొచ్చింది. చాలాసేపటికి పక్క చేనువాడు రోడ్డు వంక చూసి, "ఒక్క కారూ రాలేదేంటి?" అన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. పార అక్కడే పారేసి, గట్టు మీద కూలబడ్డాను.

ఫోను రాలేదు. అతనే ఎత్తేశాడు. అంతకంటే పెద్ద విషయం ఇంకొకటి ఉంది. పొద్దున్నే సైకిలేసుకుని ఎగువ రైతుల దగ్గరికి పోయి, "ఇవాళ విదేశాలవాళ్లొస్తున్నారు, తూములు మూసెయ్యండి" అని చెప్పాడట. వాళ్లు మారు మాట్లాడకుండా మూసేశారు. గేటాయన అబద్ధం చెబుతాడని ఎవరు మాత్రం అనుకుంటారు?

మా కర్మ చూడండి, ఆ మర్నాడే ఆఫీసు నుంచి ఫోను. ఇన్నాళ్లూ వాయిదాలు వేసిన కంపెనీవాళ్లు రేపే వస్తున్నారు. కాలువ నిండుగా ఉండాలి.

"నువ్వేం చెప్పావు?" అని అడిగాను.

"సరే సార్ అన్నాను."

"సరేనా? నీళ్లెక్కడున్నాయి?"

"అదే ఆలోచిస్తున్నా వదినా" అన్నాడు. ఆ క్షణంలో అతన్ని కొట్టాలనిపించింది, దగ్గరికి తీసుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు.

కంపెనీవాళ్లు వచ్చే రోజు మా తోటికోడలు పనిలోకి వెళ్లాల్సి వచ్చింది. అతనికి అన్నం క్యారేజీ నేనే పట్టుకెళ్లాను. అన్నం వంకే గానీ, అతన్ని ఒంటరిగా వదలడానికి నాకు మనసొప్పలేదు. అతను తలుపు పూర్తిగా ఎత్తి ఉంచాడు. గేటు మట్టానికి మిగిలిన బురద నీళ్లు చీలమండ లోతున పాకుతూ పోతున్నాయి, అంతే. క్యారేజీ విప్పనే లేదు, కార్లు వచ్చేశాయి.

ముందు కారులోంచి ఆఫీసరు దిగాడు. వంతెన మీంచి కిందికి చూశాడు. పాపం, ఆ మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు. వెనక కారులోంచి పొడుగాటి విదేశీ ఆవిడ దిగింది. తలకు టోపీ, కాళ్లకు దుమ్ము కొట్టుకుపోయిన బూట్లు. ఆవిడతో రాసుకునే మనిషి ఒకడు, మన భాషలోకి, వాళ్ల భాషలోకి మాటలు తిప్పి చెప్పే అమ్మాయి ఒకతి. ఆవిడ కాలువలోకి చూసి ఏదో అడిగింది. "ఈ కాలువ ఎందుకు ఎండిపోయిందని అడుగుతున్నారు" అంది ఆ అమ్మాయి.

ఆఫీసరు కాలువలోకి ఇంకోసారి చూశాడు. తర్వాత అన్నాడు: "ఈ కాలువ ఇప్పుడు వాడుకలో లేదండి. కింద ఎవరూ సాగు చేయడం లేదు. జలాశయంలో మిగిలే నీళ్లన్నీ మీ ఫ్యాక్టరీకే ఇవ్వగలం."

ఆ అమ్మాయి అది తిప్పి చెప్పింది. విదేశీ ఆవిడ ముఖం విప్పారింది. తల ఊపి, పక్క మనిషికి రాసుకోమన్నట్టు సైగ చేసింది. అబద్ధం ఇంత బాగా పనిచేస్తుందని ఆఫీసరు కూడా అనుకోలేదేమో, నుదురు తుడుచుకుని కాస్త నవ్వాడు. ఒక్క ముక్కలో మా పొలాలు లేకుండా పోయాయి. అది రాతలోకి ఎక్కితే, ఇంక ఏ తేదీకీ, ఎవరొచ్చినా, మా కాలువలోకి చుక్క రాదు. నేను నోరు తెరిచాను. కానీ నాకంటే ముందు మా మరిది మాట్లాడాడు.

"సార్, కింద సాగుంది."

"నువ్వుండవయ్యా" అన్నాడు ఆఫీసరు పళ్లు బిగించి.

"ఉంది సార్. మొక్కజొన్న ఉంది. మొన్న నీళ్లు నేనే వదిలాను, మీరు చెప్పకుండా. అందుకే ఇవాళ కాలువ ఇలా ఉంది."

అతను ఏమన్నాడని ఆవిడ అడిగింది. "ఏం లేదు, పనివాడు ఏదో గొణుగుతున్నాడని చెప్పు" అన్నాడు ఆఫీసరు. ఆ అమ్మాయి అతని వంక చూసింది, మా మరిది వంక చూసింది. తర్వాత ఆవిడ వైపు తిరిగింది. నాకు వాళ్ల భాష రాదు. కానీ మా మరిది చెప్పినంత పొడుగ్గానే చెప్పింది. ఆ తల్లి ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

విదేశీ ఆవిడ ఆ సాగు చూస్తానంది. నన్ను ఆఫీసరు కారులో కూర్చోబెట్టారు, దారి చూపించడానికి. బురద కాళ్లతో ఆ తెల్లటి సీటు ఎక్కాలంటే సిగ్గేసి, కాళ్లు పైకెత్తి పెట్టుకుని కూర్చున్నాను. ఆఫీసరు దారంతా చేతిరుమాలు నలుపుతూనే ఉన్నాడు. చివరికి, మెల్లగా, "మా ఇంట్లో కూడా పిల్లలున్నారమ్మా" అన్నాడు. అతన్ని తిడదామని దాచుకున్న మాటలన్నీ అక్కడితో ఆగిపోయాయి.

నా చేను చూసి ఆవిడ కిందికి వంగి, తడి మట్టిని వేళ్లతో నలిపింది. ఒక కండె తొక్క కాస్త విప్పి, పాలు పట్టిన గింజలు చూసింది. తర్వాత నన్ను అడిగించింది: "మీకు నీళ్లు ఎప్పుడెప్పుడు వస్తాయి?"

"మీరొచ్చినప్పుడు" అన్నాను.

తిప్పి చెప్పే అమ్మాయికి అర్థం కాలేదు. "అంటే ఏంటండీ?"

"మీలాంటివాళ్లు ఎవరో ఒకరు కార్లలో వచ్చినప్పుడమ్మా. వంతెన మీంచి చూస్తే అందంగా ఉండాలని వదులుతారు. అలా వచ్చిన నీళ్లతోనే ఇన్నేళ్లూ పండించుకున్నాం. ఇంకే రోజూ రావు."

అన్నాక, నా మాటే నాకు గుచ్చుకుంది. ఎవరో ఒకరు రావాలని ఇన్నేళ్లూ రోడ్డు వంక చూస్తూ కూర్చున్నాం. నిజంగా ఎవరైనా వచ్చి ఉండిపోతే, ఇంక ఎవరికి చూపించాలి? ఎందుకు వదలాలి? మేం ఎదురుచూసిందే మా నీళ్లకు ముగింపు. ఇంత చిన్న విషయం మాలో ఒక్కరికీ తట్టలేదు. నాకు కోపం వచ్చింది, అది ఆవిడ మీద కాదు, ఆఫీసరు మీద కూడా కాదు. మా అందరి తెలివి మీద.

"చూడమ్మా" అన్నాను, "ఫ్యాక్టరీ వద్దనడం లేదు. ఆ గేటాయన కూతురే అందులో పని కోసం కళ్లల్లో ఒత్తులు వేసుకుని చూస్తోంది. రండి. కానీ ఇక్కడ మేం లేమని రాసుకుని రాకండి. ఉన్నామని రాసుకుని రండి."

ఆవిడ మాటిచ్చి పోలేదు, చేయి కలిపి పోలేదు. రాసుకునే మనిషి చేతిలోంచి కలం తీసుకుని, అతను రాసిన ముక్కను తనే కొట్టేసింది. కార్లు వెళ్లిపోయాయి.

ఆ తర్వాత చాలాకాలం కంపెనీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. మా మరిదిని మాత్రం వెంటనే పనిలోంచి తీసేశారు. అనుమతి లేకుండా గేటు ఎత్తడం, రైతులకు తప్పుడు సమాచారం ఇవ్వడం. రెండూ నిజమే. "తప్పే కదా వదినా" అన్నాడు, గది తాళం అప్పగించి వచ్చి. ఊరు అతన్ని నానా మాటలూ అంది. నోరు జారి కంపెనీని బెదరగొట్టాడన్నారు. ఎగువవాళ్లు అన్నారంటే సరేననుకోవచ్చు. అతను వదిలిన నీళ్లతో పంట ఇంటికి తెచ్చుకున్న మా చివరి పొలాలవాళ్లు కూడా అన్నారు. "ఇంక కార్లు కూడా రావు, మన నోట్లో మట్టి కొట్టాడు" అన్నారు. వాళ్ల గడపల్లోకి వెళ్లి కడిగేశాను. కూతురు అతనితో మాట్లాడటం మానేసింది. ఆ దెబ్బకే అతను కుంగిపోయాడు. మా మొక్కజొన్న బస్తాలు నడవలో పేర్చి ఉంటే, వాటిని చూడలేక దొడ్డిదారిన వచ్చేవాడు.

చివరికి కంపెనీ మళ్లీ వచ్చింది. ఫ్యాక్టరీ అనుకున్నంత పెద్దది కాదన్నారు, వాడిన నీళ్లు మళ్లీ శుభ్రం చేసి వాడుకుంటామన్నారు. కింది రైతులకు వారానికి ఒక రోజు నీళ్లు వదలాలన్నది ఒప్పందంలో పెట్టించారు. ఆఫీసరు మా ఇంటికొచ్చి, ఆ మాట తనే చెప్పాడు. మా మరిదిని మళ్లీ పనిలోకి తీసుకోమని రాశానని, పైవాళ్లు కుదరదన్నారని కూడా చెప్పాడు. నేను నమ్మాను. నీళ్ల సంగతి మాత్రం నమ్మలేదు. రాసినవన్నీ జరిగితే మా బతుకులు ఇలా ఎందుకుంటాయి?

నీళ్లు వదులుతామన్న మొదటి రోజు పొద్దున్నే మా మరిది పార భుజాన వేసుకుని పొలానికొచ్చాడు. ఎందుకొచ్చావని నేను అడగలేదు. ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. పొద్దెక్కింది. కాలువలో ఏమీ లేదు. నాకు లోపల తిట్లు ఉడుకుతున్నాయి. అప్పుడు దూరంగా ఎండుటాకులు కదిలాయి. నీళ్లు పెద్ద జోరుగా ఏమీ రాలేదు. వెనకటి నిండు కాలువలో సగం కూడా లేవు. నెమ్మదిగా, ఒక మనిషి నడిచినంత వేగంతో వచ్చి, మా మడి మొదట్లో నెర్రెల్లోకి దిగాయి.

అతను లేచి నిలబడ్డాడు. పార పట్టుకుని ఉన్నాడే గానీ ఒక్క పెళ్ల తియ్యడు.

"చూస్తూ నిల్చుంటావేంటయ్యా, ఆ గండి కట్టు" అన్నాను.

"ఇన్నేళ్లు వదిలాను గానీ ఇక్కడికి చేరడం ఎప్పుడూ చూడలేదు వదినా. నీళ్లు పారుతుంటే గేటు దగ్గరే ఉండాలి కదా."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోవడం కూడా రాదు ఆ మనిషికి. మెడ తిప్పి, అలవాటుగా రోడ్డు వంక చూశాడు.

"ఇవాళ ఎవరొచ్చారు వదినా?" అన్నాడు.

"ఎవరూ రాలేదయ్యా" అన్నాను. "ఇవి మనకే."